స్పెక్టో: ఒక లాటిన్ "చూపు" క్రియని వేరు దాకా పట్టుకెళ్ళడం ఎలా

లాటిన్ మొదలెట్టిన కొత్తలో స్పెక్టో అనే క్రియ తగలగానే "చూస్తాను" అని పక్కన ఒక ముక్క రాసేసుకుని పేజీ తిప్పేశా, చాలామంది అలాగే చేస్తారు కూడా. కొన్నాళ్ళకి జూలియస్ సీజర్ గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు నేల) యుద్ధాల మీద రాసిన పుస్తకం పట్టుకుంటే మొదటి అధ్యాయంలోనే బెల్గే అనే జనం గురించి "స్పెక్టంట్ ఇన్ సెప్టెంట్రియోనెం ఎత్ ఓరియెంటెం సోలెం" అని వచ్చింది. నా నోట్సు ప్రకారం వాళ్ళంతా ఉత్తరాన్నీ పొద్దుపొడుపునీ చూస్తూ నిలబడ్డారు. వాక్యంలో తెలియని మాట ఒక్కటీ లేదు, అయినా అర్థం కాలేదు. సీజర్ చెప్పింది ఏంటంటే వాళ్ళుండే నేల ఉత్తరం తూర్పుల వైపు తిరిగి ఉంది అని, అంతే. తెలుగులో ఎవరైనా "ఇల్లు తూర్పు చూస్తోంది" అంటే మనం ఒక్క క్షణం కూడా ఆగం కదా, అదే మాట.

అప్పట్నుంచి ఏ క్రియనైనా ముందు వేరు దాకా తవ్వి, తర్వాతే అర్థం రాసుకోవడం అలవాటు చేసుకున్నా. ఆ పద్ధతి మొత్తం ఇక్కడ స్పెక్టో మీద చేసి చూపిస్తా, ఇదే వరసలో మీరు ఏ లాటిన్ క్రియ మీదైనా చేసుకోవచ్చు. తెలుగువాళ్ళకి ఈ పనిలో మంచి సాయం ఉంది, మన "చూడు" ఏయే దారుల్లో తిరిగిందో ఈ లాటిన్ మాట కూడా దాదాపు అవే దారుల్లో తిరిగింది. పైగా దీని వేరుకి పుట్టిన మాట ఒకటి మనం రోజూ నోటితో అంటూనే ఉన్నాం, అదేంటో మధ్యలో వస్తుంది.

ముందు నాలుగు రూపాలు రాసుకోండి

పుస్తకంలో కనబడిన రూపాన్ని ఉన్నదున్నట్టు డిక్షనరీలో వెతికితే దొరకదు. లాటిన్ డిక్షనరీలో క్రియలన్నీ "నేను" రూపంలో ఉంటాయి, కాబట్టి స్పెక్టంట్ (వాళ్ళు చూస్తారు) అని కనబడితే స్పెక్టో (నేను చూస్తాను) కింద వెతకాలి. అక్కడ మొత్తం నాలుగు రూపాలు ఇస్తారు: స్పెక్టో, స్పెక్టారే, స్పెక్టావీ, స్పెక్టాటుం. చూస్తాను, చూడటం, చూశాను, చూడ్డానికి. కొన్ని డిక్షనరీల్లో చివరిది స్పెక్టాటుస్ అని ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. రెండోది "ఆరే"తో ముగిసింది కాబట్టి ఇది మొదటి గణం (ఒకే తీరులో రూపాలు మారే క్రియల గుంపు) క్రియ, లాటిన్‌లో అన్నిటికన్నా తేలిగ్గా నడిచే గణం, స్పెక్టో, స్పెక్టాస్, స్పెక్టట్, స్పెక్టాముస్, స్పెక్టాటిస్, స్పెక్టంట్ అని వరసగా వెళ్ళిపోతుంది, దీని మీద ఎక్కువ టైం పెట్టక్కర్లేదు.

డిక్షనరీ కొనాల్సిన పని కూడా లేదు. 1879లో వచ్చిన లూయిస్ అండ్ షార్ట్ డిక్షనరీ మొత్తం పెర్సియస్ అనే సైట్‌లో ఫ్రీగా ఉంది. పాతది కాబట్టి మాటల పుట్టుక విషయంలో కొత్త పుస్తకాలతో పోల్చుకోవాలి గానీ ఎవరు ఎక్కడ ఏ అర్థంలో వాడారో చూసుకోడానికి ఇప్పటికీ నాకు అదే ముందు గుర్తొస్తుంది. లాటిన్‌లో "సి" అక్షరాన్ని ఎప్పుడూ "క" లాగే పలకండి, రోమన్ వక్త సిసెరో కాలంలో అలాగే పలికేవాళ్ళు, పైగా వేరు వెతికేటప్పుడు ఆ "క" చాలా అవసరం పడుతుంది.

ఆ "ట" ఎక్కడిదో అడగండి

ఇక్కడే అసలు తవ్వకం మొదలు. స్పెక్టోలో "ట" వేరులో భాగం కాదు. దీని వెనక ఇంకా పాత క్రియ ఒకటుంది, స్పెకియో, స్పెకెరే, స్పెక్సీ, స్పెక్టుం. ఆ నాలుగో రూపం స్పెక్టుంలో నుంచి "స్పెక్ట్" తీసుకుని దానికి మొదటి గణం ముగింపు తగిలిస్తే స్పెక్టారే వచ్చింది. లాటిన్‌లో ఇలా కొత్త క్రియలు చేసుకోవడం చాలా మామూలు. కానో అంటే పాడతాను, దాన్నుంచి కాంటో. యాకియో అంటే విసురుతాను, దాన్నుంచి యాక్టో, అటూఇటూ విసిరేస్తూ ఉంటాను అని. డీకో అంటే చెప్తాను, దాన్నుంచి డిక్టో, ఒకటికి రెండుసార్లు చెప్తూ రాయించడం, మన డిక్టేషన్ అక్కణ్ణుంచే వచ్చింది. అంటే ఈ "ట" తగిలిన క్రియ పనిని పదేపదే చేయడాన్నో, వదలకుండా చేయడాన్నో చెప్తుంది.

కాబట్టి స్పెకియో అంటే చూడటం అయితే స్పెక్టో అంటే చూస్తూ ఉండటం, కన్ను అక్కడే పెట్టి కదలకుండా చూడటం. ఈ ఒక్క ముక్క పట్టుకుంటే తర్వాత వచ్చే అర్థాలన్నీ దానంతటవే విడిపోతాయి. నాటకం చూడాలంటే కూర్చుని చూస్తూ ఉండాలి, బంగారం అసలుదో కాదో తేలాలంటే చూస్తూ ఉండాలి, ఒక కొండ ఉత్తరం వైపు తిరిగి ఉందంటే అది అటే చూస్తూ ఉంది.

తర్వాత తర్వాత ఈ స్పెకియో విడిగా దాదాపు కనబడకుండా పోయింది, ఉపసర్గల వెనక మాత్రం బతికింది. అది ఒకప్పుడు విడిగా ఉండేదని మనకి ఎలా తెలుసంటే రోమన్ల లోనే ఒకాయన రాసిపెట్టాడు. వారో (క్రీ.పూ. 116–27) లాటిన్ భాష గురించి రాసిన పుస్తకంలో 6వ భాగంలో, స్పెక్టారే అనేది పాత స్పెకియో నుంచి వచ్చిందని చెప్పి, కవి ఎన్నియస్ వాడిన స్పెక్సిట్ అనే రూపాన్ని చూపించి, ఇప్పటికీ శకునాలు చూసే ఆగుర్‌లు "అవెం స్పెకెరే" అంటారు అని కూడా రాశాడు, అంటే పక్షిని చూడటం. మాటలు ఇలాగే ఉంటాయి, వీధిలో చచ్చిపోయిన మాట పూజలోనో మంత్రంలోనో ఇంకా ఊపిరి పీలుస్తూ ఉంటుంది. అందుకే పాత రూపం కావాలంటే ఆ భాషలో మతం, చట్టం మాటలు ముందు వెతకండి, నాకు ఎప్పుడూ అక్కడే దొరికాయి.

ఆ పక్షి మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం ఆగుదాం. అవిస్ అంటే పక్షి, దానికి స్పెక్ కలిస్తే ఔస్పెక్స్, పక్షుల్ని చూసి దేవుళ్ళ ఇష్టం చెప్పేవాడు. అతను చూసేది ఔస్పికియుం. చరిత్రకారుడు లివీ రాసిన కథలో, రోమ్ కట్టబోయే కవల అన్నదమ్ముల్లో రెముస్‌కి ముందు 6 రాబందులు కనబడితే, తర్వాత రోములుస్‌కి 12 కనబడ్డాయి, ఆ లెక్క మీదే ఇద్దరి మధ్య గొడవ మొదలైంది. ఇప్పుడు మన శకునం అనే మాట చూడండి, సంస్కృతంలో శకున అంటే మొదట పక్షే, ఆ తర్వాతే దాని వల్ల తెలిసే మంచీచెడూ. ఔస్పికియుంకీ శకునానికీ వేరు ఒకటి కాదు, కానీ పక్షిలో నుంచి శుభాశుభాల్లోకి నడిచిన నడక మాత్రం ఒకటే. ఇలాంటి పోలిక దొరికినప్పుడు నోట్సులో తప్పకుండా రాసుకోండి, కాకపోతే "వేరు ఒకటి" అనే గడిలో కాదు, "నడక ఒకటి" అనే గడిలో. ఈ రెండూ కలిపేస్తే తర్వాత అంతా గందరగోళమే.

ఇప్పుడు సంస్కృతం వైపు వెళ్ళండి

లాటిన్, సంస్కృతం, గ్రీకు ఒకే పాత తల్లి భాష నుంచి పుట్టిన చుట్టాలు, అందుకే లాటిన్ మాట వేరు సంస్కృతంలో కూడా దొరకొచ్చు. కానీ వేరు ఒకటా కాదా అని తేల్చడానికి చెవికి ఒకేలా వినబడటం చాలదు. అక్షరం మారితే ప్రతిచోటా ఒకే పద్ధతిలో మారాలి. లాటిన్‌లో 10 దెకెం, సంస్కృతంలో దశ. లాటిన్‌లో 100 కెంటుం, సంస్కృతంలో శతం. అంటే లాటిన్ "క" ఉన్న చోట సంస్కృతంలో "శ" వస్తోంది (అన్ని "క"లకీ కాదు, ఒక రకం "క"కి). ఇంకో మెట్టు ఎక్కండి, లాటిన్‌లో 8 ఓక్టో, సంస్కృతంలో అష్ట. అంటే లాటిన్ "క్ట" ఉన్న చోట సంస్కృతంలో "ష్ట" వస్తోంది.

ఈ రెండు లెక్కలూ చేతిలో పెట్టుకుని స్పెక్ అనేదాన్ని మార్చండి. "క" బదులు "శ" పెడితే స్పశ్. ఆ ధాతువు సంస్కృతంలో నిజంగానే ఉంది, అర్థం చూడటం, కనిపెట్టడం. ఋగ్వేదంలో వరుణుడి చుట్టూ కూర్చుని లోకాన్ని కనిపెట్టుకుని ఉండే వేగులవాళ్ళని స్పశః అంటారు. ఇప్పుడు రెండో లెక్క, లాటిన్ స్పెక్టుస్ అంటే "చూడబడిన" అని, కోన్‌స్పెక్టుస్ లాంటి మాటల్లో ఉంటుంది. "క్ట" బదులు "ష్ట" పెట్టండి. స్పష్ట.

స్పష్టం! కంటికి బాగా ఆనేది. మనం "స్పష్టంగా చెప్పు" అన్న ప్రతిసారీ రోమన్లు స్పెక్టుస్ అన్న మాటకి అక్షరాలా తోడబుట్టిన మాటనే వాడుతున్నాం. మొదటిసారి కాగితం మీద ఈ రెండూ పక్కపక్కన రాసుకుని చూసుకున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. లాటిన్ వాళ్ళు కూడా ఇదే వేరు నుంచి పెర్‌స్పికుఉస్ అనే మాట చేసుకున్నారు, ఆరపార చూడగలిగేది, అంటే స్పష్టమైనది అనే.

"చూస్తాడు" అనే పశ్యతి కూడా ఇదే కుటుంబం, ముందున్న "స" రాలిపోయింది. సంస్కృత వ్యాకరణంలో దృశ్ ధాతువుకి వర్తమానంలో పశ్య ఆదేశంగా వస్తుందని చదువుకున్నవాళ్ళకి ఇప్పుడు విషయం అర్థమై ఉంటుంది, అసలు అవి రెండు వేర్వేరు ధాతువులు, ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తోంది.

గ్రీకులో ఇదే వేరు అక్షరాలు తారుమారై స్కెప్ అయింది, "ప" ముందుకీ "క" వెనక్కీ ఉండాల్సినవి చోటు మార్చుకున్నాయి. మన నాలిక కూడా తొందరలో అక్షరాలు అటూఇటూ చేస్తూనే ఉంటుంది కదా, అలాంటిదే, కాకపోతే అక్కడ అదే స్థిరపడిపోయింది. టెలిస్కోప్, మైక్రోస్కోప్ లో ఉన్న స్కోప్ అదే. ఎపిస్కోపోస్ అంటే పైనుండి చూసుకునేవాడు, అదే అరిగి అరిగి బిషప్ అయింది. జర్మానిక్ భాషల (జర్మన్, ఇంగ్లీషు లాంటివి) వైపు వెళ్ళిన కొమ్మ నుంచి ఫ్రెంచ్ మీదుగా స్పై అనే మాట వచ్చింది. వరుణుడి వేగులవాడూ ఈ స్పై ఒకే వేరు పిల్లలు.

భాషా శాస్త్రం పుస్తకాల్లో ఈ మొదటి వేరుని స్పెక్ అని రాసి ముందు చిన్న చుక్క గుర్తు, అంటే నక్షత్రం, పెడతారు. ఆ నక్షత్రం ఉందంటే ఆ రూపం ఏ శాసనంలోనూ పుస్తకంలోనూ దొరకలేదు, పిల్ల భాషల్ని పోల్చి లెక్క కట్టి తీశారు అని అర్థం. అది వదిలేసి రాయకండి.

ఇక్కడ రెండు గోతులున్నాయి, చాలామంది పడతారు. పశ్యతి చూసి "పశువు కూడా ఇదే, చూసేది పశువు" అని కొందరు కలిపేస్తారు. లాటిన్‌లో పశువుకి సరైన చుట్టం పెకు, మంద అని అర్థం, డబ్బు అనే అర్థమున్న పెకూనియా కూడా దాంట్లోంచే వచ్చింది. అక్కడ మొదట్లో "స" అసలు లేదు. రెండోది స్పర్శ, వినడానికి స్పశ్ లాగే ఉంది గానీ మధ్యలో "ర" ఉంది, ఆ "ర" ఎక్కడిదో లెక్క చెప్పలేం, కాబట్టి అది వేరే ధాతువు. ప్రతి అక్షరానికీ లెక్క చెప్పగలిగితేనే చుట్టరికం ఒప్పుకోండి, ఒక్కటి మిగిలిపోయినా ఆగండి.

అర్థాలు: "చూడు"ని పక్కన పెట్టుకుని చదవండి

డిక్షనరీలో అర్థాలకి ఒకటి రెండు మూడు అని నంబర్లు వేసి ఉంటాయి, వాటిని బట్టీ పట్టకండి. ఒక అర్థంలోంచి ఇంకోటి ఎలా జారిందో చూడండి.

మొదటిది కుదురుగా కూర్చుని చూడటం, ఆటలూ నాటకాలూ. స్పెక్టాటోర్ అంటే ప్రేక్షకుడు, స్పెక్టాకులుం అంటే చూడబడే వేడుక. దీని బహువచనం స్పెక్టాకులా అంటే కూర్చుని చూసే చోటు కూడా. ఇటలీలోని పాత రోమన్ ఊరు పాంపేలో క్రీ.పూ. 70 ప్రాంతంలో కట్టిన రాతి ఆటస్థలం ఇప్పటికీ నిలబడి ఉంది, దాన్ని కట్టించిన ఇద్దరు అధికారులు శాసనంలో సొంత డబ్బుతో "స్పెక్టాకులా" కట్టించాం అనే రాయించుకున్నారు, ఆంఫీథియేటర్ అనే మాటే అందులో లేదు. వాళ్ళ లెక్కలో అది "చూసే చోట్లు", అంతే.

రెండోది దిక్కు, సీజర్ వాక్యం అదే. సెప్టెంట్రియోనెం అంటే ఏడు ఎద్దులు అని, మనం సప్తర్షులు అనే ఆ ఏడు నక్షత్రాలు ఉండే వైపు కాబట్టి ఉత్తరం. ఇక్కడ కర్త మనిషైనా నేలైనా పక్కన ఇన్, ఆద్ అనే చిన్న మాటలు వస్తాయి. నాకు తెలిసి అన్నిటికన్నా పనికొచ్చే కిటుకు ఇదే, స్పెక్టో తర్వాత ద్వితీయా విభక్తి నేరుగా వస్తే ఏదో ఒకదాన్ని చూడటం, మధ్యలో ఆద్ గానీ ఇన్ గానీ ఉంటే అటు వైపు తిరిగి ఉండటమో అటు సాగటమో అయ్యే అవకాశం ఎక్కువ. ఆ చిన్న మాట కోసం కన్ను వేసి ఉంచండి.

సాగటం అన్నా కదా, అది మూడోది. "రెస్ ఆద్ ఆర్మా స్పెక్టట్" అంటే వ్యవహారం ఆయుధాల వైపు చూస్తోంది, యుద్ధానికి దారి తీసేలా ఉంది అని. మనం కూడా "వాన రావాలని చూస్తోంది" అంటాం కదా, మబ్బుకి కళ్ళున్నాయా? ఒకరి మాట ఎటు పోతోందో, దాని ఉద్దేశం ఏంటో అడగడానికి కూడా ఇదే క్రియ. ఫలానా విషయం ఫలానావాళ్ళకి సంబంధించింది అనడానికీ ఇదే, అది వాళ్ళ వైపు చూస్తోంది కాబట్టి.

నాలుగోది నాకు బాగా ఇష్టమైనది, పరీక్షించడం. ఉప్పు చూడు, రుచి చూడు, అడిగి చూడు, తోసి చూడు... తెలుగులో చూడు అంటే సగం సార్లు కంటితో పనే లేదు, తేల్చుకోవడమే. లాటిన్‌లోనూ అంతే. ఓవిడ్ అనే రోమన్ కవి క్రీ.శ. 8లో నల్ల సముద్రం ఒడ్డున ఉన్న తోమిస్‌కి వెళ్ళగొట్టబడ్డాక రాసిన పద్యాల్లో, పచ్చటి బంగారాన్ని నిప్పులో "స్పెక్టాటుర్" చేసినట్టే కష్టకాలంలో స్నేహాన్ని చూడాలి అంటాడు. అక్కడ "బంగారం నిప్పులో చూడబడుతుంది" అని రాస్తే పద్యం చచ్చిపోతుంది, నిప్పులో బంగారం నిగ్గు తేలుతుంది అని రాయాలి.

ఈ అర్థానికి చేత్తో పట్టుకోగల సాక్ష్యం కూడా ఉంది. రోమన్ కాలం నాటి చిన్నచిన్న ఎముక పుల్లలు, దంతపు పుల్లలు చాలా దొరికాయి, నాలుగు పలకలుగా చెక్కి ఉంటాయి, ఒక చివర తాడు కట్టుకోడానికి బెజ్జం. ఒక పలక మీద ఒక బానిస పేరు, ఇంకో దాని మీద యజమాని పేరు, మరో దాని మీద "స్పెక్టావిట్" అనో పొట్టిగా రెండే అక్షరాలు "ఎస్ పి" అనో చెక్కి తేదీ, చాలావాటి మీద ఆ ఏడాది కాన్సుల్‌ల (రోమ్‌లో ఏటా ఎన్నికయ్యే ఇద్దరు పెద్ద అధికారుల) పేర్లు కూడా. 19వ శతాబ్దంలో పండితులు వీటిని గ్లాడియేటర్ల (ఆటస్థలంలో జనం ముందు కత్తులతో పోరాడేవాళ్ళ) బిళ్ళలు అనుకున్నారు, స్పెక్ట్ అనగానే ఆటస్థలమే గుర్తొచ్చి ఉంటుంది. 1919లో రుడాల్ఫ్ హెర్జోగ్ అనే జర్మన్ పండితుడు ఇవి నాణేలు పరీక్షించేవాళ్ళవి అని తేల్చాడు. ఫలానా బానిస, ఫలానా రోజున, ఈ సంచిలో డబ్బు "చూశాడు". నాణేలు ఒక్కొక్కటిగా తీసి అసలుదో నకిలీదో తేల్చి, సంచి మూతి కట్టి, ఆ ముడికి ఈ పుల్ల తగిలించేవాళ్ళు. ఒక క్రియకి ఏ అర్థం తీసుకోవాలనే దాని మీద ఆ వస్తువులన్నిటి చరిత్రే మారిపోయింది, అందుకే అర్థం దగ్గర తొందర పడొద్దు అని ఇంతగా చెప్తున్నా.

ఉపసర్గలు: చూపు ఎటు తిరిగిందో చూసుకోండి

ఇక్కడ ముందు ఒక చిన్న అక్షరం సంగతి. స్పెకియో ముందు ఉపసర్గ తగిలితే మధ్యలో "ఎ" కాస్తా "ఇ" అయిపోతుంది, కోన్‌స్పికియో, రెస్పికియో అని. ఫాకియో కోన్‌ఫికియో అయినట్టే. పాత లాటిన్‌లో ఊనిక మాట మొదటి అక్షరం మీద ఉండేది, వెనకవి నలిగిపోయాయి. కానీ ఆ "ఎ" వెనక రెండు హల్లులు అడ్డుగా ఉంటే నలగదు, అందుకే కోన్‌స్పెక్టుస్, రెస్పెక్టుస్. కాబట్టి మాటలో స్పిక్ కనబడినా స్పెక్ట్ కనబడినా రెండూ ఒకే వేరు అని పట్టేయొచ్చు.

ఇక అర్థాలకి తెలుగు చూపులు వేసుకుంటూ వెళ్ళండి. దే అంటే కిందకి, దేస్పికియో చిన్నచూపు చూడటం. ప్రో అంటే ముందుకి, ప్రోస్పికియో ముందుచూపు. చుట్టూ చూసుకుని అడుగేయడం కిర్కుమ్‌స్పికియో. లోపలికి చూడటం ఇన్‌స్పికియో, ఇన్‌స్పెక్షన్ అక్కడిదే. ఇక ఎక్స్‌స్పెక్టో అయితే మరీ ముచ్చట, బయటికి కన్ను వేసి ఉండటం, అంటే ఎదురుచూడటం. రాబోయేవాళ్ళ కోసం గుమ్మం బయటికి చూసే చూపే రెండు భాషల్లోనూ నిరీక్షణ అయింది. ఇది స్పెకియోకి కాకుండా నేరుగా స్పెక్టోకి తగిలిన ఉపసర్గ.

రెస్పికియో దగ్గర ఆగాలి. రె అంటే వెనక్కి. వెనక్కి తిరిగి చూడటం అనే మామూలు పనిలోంచి, ఒకరి గురించి ఆలోచించడం, పట్టించుకోవడం, చివరికి గౌరవించడం దాకా వెళ్ళింది. ఎవర్ని దాటిపోతూ మళ్ళీ వెనక్కి తిరిగి చూస్తామో వాళ్ళకి మన లెక్కలో చోటుంది. విజయయాత్రలో రథం మీద వెళ్తున్న వీరుడికి వెనక నుంచి "రెస్పికే పోస్ట్ తే", వెనక్కి చూసుకో, నువ్వు మనిషివేనని గుర్తు పెట్టుకో అని చెప్పేవాళ్ళని తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు.

సుస్పికియో ఇంకా చిత్రం. సుబ్ అంటే కింద నుంచి. కింద నుంచి పైకి చూస్తే అది పెద్దవాళ్ళ మీద ఆరాధన కావచ్చు, తల వంచుకునే కనుబొమ్మల కింద నుంచి చూస్తే అనుమానం కావచ్చు. ఈ ఒక్క క్రియకి రెండు అర్థాలూ ఉన్నాయి, తర్వాతి కాలంలో అనుమానమే గెలిచింది. చదివేటప్పుడు చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడు, ఎవరి వైపు చూస్తున్నాడు అని అడిగితే చాలా సార్లు తేలిపోతుంది.

నామవాచకాల్లో ఒక్క స్పెకియేస్ గురించి చెప్తా. మొదట కంటికి కనబడే రూపం, రూపాన్ని బట్టి వేరు చేస్తాం కాబట్టి రకం, తర్వాతి లాటిన్‌లో రకరకాల సరుకు, ఆ సరుకుల్లోంచి ఫ్రెంచ్ మీదుగా స్పైస్, అంటే మసాలా దినుసు. న్యూటన్ 1672లో అచ్చయిన ఉత్తరంలో పట్టకం లోంచి వచ్చిన రంగుల పట్టీకి స్పెక్ట్రుం అని పేరు పెట్టాడు, అదీ కనబడేది అనే. ఒక జాగ్రత్త: స్పెకులా అంటే కావలి కోసం చూసే బురుజు, కానీ "ఏ" దీర్ఘం ఉన్న స్పేకులా అంటే చిన్న ఆశ, అది స్పేస్ (ఆశ) అనే వేరే మాటకి పిల్ల. రాతలో దీర్ఘం పెట్టరు కాబట్టి వాక్యాన్ని బట్టే తేల్చుకోవాలి.

పక్కింటి క్రియలతో పోల్చకపోతే పని సగమే

వీడియో (లాటిన్ పలుకులో విడెయో) అంటే కంటికి ఆనడం, దాని కర్మణి రూపం విడేటుర్ అంటే "అనిపిస్తోంది". అంటే విడెయో కనబడటానికి దగ్గర, స్పెక్టో చూడటానికి దగ్గర. తుఎఓర్ అంటే చూడటంలోంచి చూసుకోవడంలోకి వెళ్ళింది, పిల్లల్ని చూసుకుంటున్నాడు అంటాం చూడండి, అది. తుటోర్ అంటే అందుకే మొదట సంరక్షకుడు. సెర్వో అంటే కనిపెట్టుకుని ఉండటం, కాపాడటం. ఆకాశంలో శకునాల కోసం కాసుకుని ఉండటాన్ని సెర్వారే దే కైలో అనేవాళ్ళు, అలా ఒక అధికారి ఆకాశం చూస్తున్నాడంటే ఆ రోజు సభ జరగకూడదు. క్రీ.పూ. 59లో సీజర్‌తో పాటు కాన్సుల్‌గా ఉన్న బిబులుస్ సీజర్ చట్టాలు ఆపడానికి ఇంట్లోనే కూర్చుని ఆకాశం చూస్తున్నానని ప్రకటిస్తూ పోయాడు. ఇక్కడ స్పెక్టో పనికిరాదు, ఎందుకంటే అతను చూసి ఆనందించట్లేదు, కాపలా కాస్తున్నాడు.

ఇప్పుడు మీరు చేసి చూడండి

రెండు చిన్న పంక్తులు ఇస్తా, రెండిట్లోనూ స్పెక్టాటుం అనే మాటే ఉంది. ఒకటి రోమన్ కవి హోరస్‌ది, తన పోషకుడు మైకెనాస్‌తో నన్ను "స్పెక్టాటుం సాటిస్", చెక్క కత్తి కూడా ఇచ్చేశారు, మళ్ళీ పాత ఆటలోకే లాగుతావా అంటాడు. చెక్క కత్తి గ్లాడియేటర్‌కి విశ్రాంతి ఇచ్చేటప్పుడు ఇచ్చేది. ఇక్కడ స్పెక్టాటుం "చూడబడిన" అనే విశేషణం, సాటిస్ అంటే చాలినంత. జనం చూసేసినవాణ్ణి, నిగ్గు తేలినవాణ్ణి, మొదటి అర్థమూ నాలుగో అర్థమూ రెండూ ఒకే మాటలో కూర్చున్నాయి.

రెండోది ఓవిడ్‌ది, నాటకశాలకి వచ్చే ఆడవాళ్ళ గురించి: "స్పెక్టాటుం వెనియుంట్, వెనియుంట్ స్పెక్టెంటుర్ ఉత్ ఇప్సై." ఇక్కడ పక్కన వెనియుంట్, వస్తారు, అనే కదిలే క్రియ ఉంది కాబట్టి స్పెక్టాటుం అంటే "చూడ్డానికి". సంస్కృతం చదివినవాళ్ళు గంతుం, కర్తుం, ద్రష్టుం గుర్తు చేసుకోండి, ఆ "తుం", ఈ "టుం" రెండూ ఒకటే. స్పెక్టెంటుర్ కర్మణి రూపం, ఉత్ అంటే అలా జరగాలని, ఇప్సై అంటే తామే. చూడ్డానికి వస్తారు, తమనీ చూడాలని వస్తారు. రెండు చోట్లా విడెయో వాడి ఉంటే కంటికి ఆనితే చాలు అన్నట్టు ఉండేది, స్పెక్టో పెట్టాడు కాబట్టి వేదిక మీద నాటకాన్ని జనం ఎలా కళ్ళు తిప్పకుండా చూస్తారో అలా తమనీ చూడాలని.